అరిచే కోచ్ దగ్గర మా అమ్మాయిని ఉంచాలా? ఆటల పేజీకి పాఠకుల ప్రశ్నలు

పోయిన నెల ఈ పేజీలో అమెరికాలోని టెనసీ యూనివర్సిటీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీమ్‌ని 38 సీజన్లు నడిపిన ప్యాట్ సమిట్ గురించి నాలుగు మాటలు రాశాం. చిన్న బాక్స్ ఐటమ్, ఎవరు చదువుతారులే అనుకున్నాం. క్రికెట్ గురించి రాసినప్పుడు కూడా ఇన్ని ఉత్తరాలు రాలేదు! అందులో కొన్నిటికే ఇక్కడ చోటుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, కాలేజీ టీమ్‌లో బాస్కెట్‌బాల్ ఆడుతుంది. కోచ్ అందరి ముందూ అరుస్తాడు. ఇంటికొచ్చి ఏడుస్తుంది, మానెయ్యమంటే మాత్రం మానదు. మీరేమో ఆ సమిట్ గారు చండశాసనురాలని మెచ్చుకుంటూ రాశారు. ఆడపిల్లల్ని తిట్టి ఆడించడం కరెక్టేనంటారా? (ఒక తల్లి, విజయవాడ)

అమ్మా, ముందు ఒక మాట. ఆవిడ తిట్టేది కాబట్టి గెలిచింది అని మేం రాయలేదు, అలా అర్థమై ఉంటే ఈసారి వివరంగా చెబుతాం.

ఆవిడ కఠినంగా ఉండేదన్నది నిజం. ఆవిడ చూపు ఎంత సూటిగా గుచ్చుకునేదో ఆవిడ దగ్గర ఆడినవాళ్ళంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. మొదట్లో సెలెక్షన్‌కి వచ్చిన అమ్మాయిల్ని ఎంత పరుగెత్తించిందంటే, ఓ నలుగురు పరుగెత్తుతూ పరుగెత్తుతూ అలాగే మెట్లెక్కి తలుపు దాటి వెళ్ళిపోయారట, మళ్ళీ కనబడలేదట. ఇది ఆవిడే నవ్వుతూ చెప్పేది. రాత్రి పార్టీలు చేసుకొచ్చిన పిల్లల్ని మర్నాడు కోర్టు నాలుగు మూలలా చెత్తడబ్బాలు పెట్టి, వాంతి వస్తే అందులో చేసుకోండి, పరుగు మాత్రం ఆపొద్దు అన్నదన్న కథ కూడా ఉంది. ఇది మాకు అస్సలు నచ్చదు, ఇవాళ ఎవరైనా ఆ పని చేస్తే ఉద్యోగం ఊడుతుంది, ఊడాలి కూడా. ఆ రోజుల్లో తానూ మరీ ఎక్కువ చేశానని, వయసుతో పాటు కాస్త మెత్తబడ్డానని ఆవిడే తర్వాత ఒప్పుకుంది.

మరి అంత కఠినంగా ఉన్న మనిషి కోసం ఆ పిల్లలు ముప్ఫై నలభై ఏళ్ళ తర్వాత కూడా ఎందుకు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు? అక్కడుంది అసలు విషయం. ఆవిడ అడిగిన ప్రతిదానికీ ఎదురుగా తాను చెయ్యాల్సింది ఒకటి పెట్టుకుంది. నా దగ్గర నాలుగేళ్ళు ఆడితే డిగ్రీ చేతిలో పెట్టుకునే వెళ్తావు అని పిల్లల ఇంటికెళ్ళి, వంటింట్లో కూర్చుని తల్లిదండ్రులకు మాటిచ్చేది. ఆ 38 సీజన్లలో తన దగ్గర ఆట పూర్తి చేసుకున్న ప్రతి అమ్మాయీ డిగ్రీ పూర్తి చేసింది. మా దృష్టిలో ఆవిడ గెలిచిన 1,098 మ్యాచ్‌ల కంటే ఇదే పెద్ద లెక్క. మన దగ్గర స్పోర్ట్స్ కోటాలో సీటిచ్చి, టోర్నమెంట్లు ఆడించుకుని, పరీక్షలప్పుడు 'అది మా డిపార్ట్‌మెంట్ కాదు' అనే కాలేజీలు ఎన్ని లేవు?

ఇంకో సంగతి. పిల్లలు ఆవిడని మేడమ్ అనీ, కోచ్ అనీ పిలవక్కర్లేదు, ప్యాట్ అంటే చాలు. మనకిది వింతగానే ఉంటుంది, పేరు పెట్టి పిలిస్తే మన కోచ్‌లకి బీపీ వస్తుంది. కానీ మాట్లాడేటప్పుడు కళ్ళలోకి చూసి మాట్లాడాలి, తల దించుకుంటే ఊరుకునేది కాదు. హాఫ్ టైమ్‌లో ముందు తాను ఉపన్యాసం మొదలుపెట్టకుండా, ఏం తప్పు జరిగిందో పిల్లల్నే మాట్లాడుకోనిచ్చి, ఆ తర్వాత లోపలికొచ్చేది. ప్రాక్టీస్‌లో ఒక అమ్మాయి తప్పుని ఎవరైనా ఎత్తిచూపితే ఆ అమ్మాయి 'రీబౌండ్' (బుట్టలో పడకుండా తిరిగొచ్చిన బంతిని పట్టుకోవడం) అని జవాబివ్వాలి, మెచ్చుకుంటే 'టూ పాయింట్స్' అనాలి. అంటే విన్నాను, అందింది అని చెప్పడం. దీనివల్ల రెండు లాభాలు. విమర్శని మనసులో పెట్టుకుని మూతి ముడుచుకునే వీలుండదు, కోచ్ కూడా ఊరికే అరుచుకుంటూ పోకుండా ఒక్కో తప్పునీ అవతలివాళ్ళకి అందేలా చెప్పాల్సి వస్తుంది.

ఇప్పుడు మీ కోచ్ సంగతి. ఆయన అరిచింది ఆట గురించా, మీ అమ్మాయి ఒళ్ళు గురించో రంగు గురించో ఇంటి గురించో అన్నారా? రెండోదైతే ఆలోచించక్కర్లేదు, ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళండి. మొదటిదైతే, అరిచాక దాన్ని ఎలా దిద్దుకోవాలో దగ్గరుండి నేర్పిస్తున్నారా, యూనిట్ టెస్టులో మార్కులు తగ్గితే ఆయనకి తెలుస్తోందా, బాగా ఆడిన రోజున ఆ మాట కూడా అందరి ముందే అంటున్నారా, ఇవి మీ అమ్మాయినే అడగండి. ఏడుస్తూ కూడా మానను అంటోందంటే ఆ గ్రౌండ్‌లో తనకి కావాల్సింది ఏదో దొరుకుతోందన్నమాట. కానీ ఏడుపు రోజూ ఉంటే, నిద్ర చెడితే, అది వేరే సంగతి. 'సమిట్ కూడా ఇలాగే చేసేది' అని ఎవరైనా కోచ్ మీతో అంటే, ఆవిడలాగా పిల్లలందరి చేతా డిగ్రీ పూర్తి చేయించారా అని అడగండి, మొహమాటపడకండి.

ప్రశ్న: నేను ప్రభుత్వ బాలికల ఉన్నత పాఠశాలలో పీఈటీని. ఒక రింగు ఉంది, దానికి వల లేదు. బంతులు రెండు, అందులో ఒకటి గాలి నిలవదు. అమెరికా యూనివర్సిటీ కోట్లతో నడిపిన టీమ్ గురించి చదివి నేనేం చేసుకోను? (ఖమ్మం జిల్లా)

మేడమ్, మీ ఉత్తరం చదివి ఆఫీసులో అందరం నవ్వాం, నవ్వాక కాస్త సిగ్గుపడ్డాం. కానీ ఆ కోట్లు చివర్లో వచ్చినవి. మొదలు వినండి, మీ స్కూలుకి దగ్గరగానే ఉంటుంది.

1952లో టెనసీలో క్లార్క్స్‌విల్ దగ్గర వ్యవసాయ కుటుంబంలో పుట్టింది ప్యాట్. ముగ్గురు అన్నల తర్వాత తను, తన వెనక ఓ చెల్లెలు. పాలు పితకడం, పొగాకు పని, గడ్డి మోపులెత్తడం అన్నీ చేసింది, సాయంత్రం గడ్డివాము అటక మీద అన్నలతో బాస్కెట్‌బాల్. వాళ్ళుండే చోట హైస్కూల్లో ఆడపిల్లలకి టీమ్ లేదని తండ్రి రిచర్డ్ హెడ్ ఏకంగా ఇల్లే మార్చేశాడు, టీమ్ ఉన్న స్కూలు పరిధిలోకి వచ్చేలా హెన్రియెట్టా అనే ఊరికి. ఆ తండ్రి ఎంత మొండి మనిషంటే, కూతురికి నలభై మూడేళ్ళు వచ్చేదాకా ఒక్కసారి కూడా దగ్గరికి తీసుకోలేదట! కానీ కాలేజీ చివరి ఏడాదిలో ఆమె మోకాలు దెబ్బతిని, ఇక ఆట మర్చిపోండి అని డాక్టరు అంటే, 'బాగుచెయ్యండి, అది ఒలింపిక్స్‌కి వెళ్ళాలి' అన్నాడు. వెళ్ళింది కూడా. 1976 మాంట్రియల్‌లో మహిళల బాస్కెట్‌బాల్‌ని ఒలింపిక్స్‌లో మొట్టమొదటిసారి పెట్టినప్పుడు అమెరికా టీమ్‌కి ఇద్దరు కెప్టెన్లలో ఒకరు, వెండి పతకం. ఎనిమిదేళ్ళ తర్వాత లాస్ ఏంజెలెస్‌లో అదే అమెరికా టీమ్‌కి కోచ్, ఈసారి బంగారం.

మధ్యలో, అంటే 1974లో, నాక్స్‌విల్‌లోని టెనసీ యూనివర్సిటీకి పీజీ చదువుకుంటూ అసిస్టెంట్‌గా ఉందామని వచ్చింది. అప్పటి కోచ్ సెలవు మీద వెళ్ళడంతో హెడ్ కోచ్ కుర్చీ ఇరవై రెండేళ్ళ పిల్ల మీద పడింది. టీమ్‌లో నలుగురు తనకంటే ఒక్క ఏడాదే చిన్న. జీతం నెలకి 250 డాలర్లు. వ్యాన్ తనే నడిపేది, యూనిఫామ్‌లు తనే ఉతికేది, ఆ యూనిఫామ్‌లు కూడా అంతకుముందు ఏడాది పిల్లలు డోనట్లు అమ్మిన డబ్బుతో కొన్నవి. దీనికితోడు తన చదువు, తన క్లాసులు, తన మోకాలు. మొదటి మ్యాచ్‌కి వచ్చిన జనం యాభై చిల్లర, ఆ మ్యాచ్ మెర్సర్ టీమ్ చేతిలో 84-83తో ఓడిపోయారు. ఒక్క పాయింటు.

అమెరికాలో అన్నీ అమిరి ఉంటాయి అనుకుంటాం కదా, ఆ రోజుల్లో ఆడపిల్లల ఆటకి అక్కడా ఎవరూ డబ్బు పెట్టలేదు. 1972లో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది, కేంద్ర నిధులు తీసుకునే విద్యాసంస్థలు ఆడ మగ తేడా చూపించకూడదని. అదైనా రాగానే కోర్టులు కట్టెయ్యలేదు, స్కాలర్‌షిప్‌లు పంచెయ్యలేదు, ఏళ్ళ తరబడి కొట్లాడి తెచ్చుకున్నారు. సమిట్ టీమ్ ఆటని చూడ్డానికి 24,000 మందికి పైగా వచ్చిన రోజూ ఉంది, కానీ అది మూడు దశాబ్దాల తర్వాత. మొదటి జాతీయ టైటిల్ వచ్చింది 1987లో, అంటే పదమూడో సీజన్లో. అంతవరకు ఎన్నిసార్లు ఆఖరి నాలుగు జట్లలోకి వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చిందో.

మీరు రేపు చెయ్యగలిగింది ఏమిటంటారా? ఆవిడ టీమ్‌కి పేరు తెచ్చింది షూటింగ్ కాదు, డిఫెన్సూ రీబౌండింగూ. ఈ రెండిటికీ వల అక్కర్లేదు మేడమ్. ఎదుటి అమ్మాయికి అడ్డంగా, కాలి మీదుగా కాలు వెయ్యకుండా పక్కకి జరగడం, బంతి రింగుకి తగిలి లేచేలోపు ఒళ్ళు అడ్డం పెట్టి చోటు పట్టుకోవడం, ఇవి ఒక్క బంతితో, అసలు బంతి లేకుండా కూడా నేర్పొచ్చు. ఎవరు ఎన్ని రీబౌండ్లు పట్టారో పిల్లల చేతే రాయించండి, నోటుపుస్తకం వెనక పేజీ చాలు. మండల స్థాయి ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీల్లో చాలా జట్లు ఓడేది బుట్టలో వెయ్యలేక కాదు, వేసింది తిరిగొచ్చినప్పుడు నిలబడి చూస్తూ ఉండటం వల్ల. బంతుల సంగతికి మాత్రం మీ ఊరి నుంచి బయటికెళ్ళి ఉద్యోగాలు చేసుకుంటున్న పూర్వ విద్యార్థినులకి వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టండి, ఆ గాలి నిలవని బంతిదే.

ప్రశ్న: అంత గొప్ప కోచ్ మగవాళ్ళ టీమ్‌కి ఎందుకు వెళ్ళలేదు? ధైర్యం లేకనా? (డిగ్రీ విద్యార్థి, వరంగల్)

టెనసీ వాళ్ళు మగవాళ్ళ టీమ్‌ని చూసుకోమని రెండుసార్లు అడిగారు బాబూ. అది పైమెట్టు అని ఎందుకు అనుకుంటున్నారు అని తిరిగి అడిగింది ఆవిడ. 2006లో ఏడాదికి పది లక్షల డాలర్లు దాటిన ఒప్పందం ఆవిడకి వచ్చింది, మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్‌లలో అంత జీతం అందుకున్న మొదటి మనిషి. ఉన్నచోటే ఉండి ఆ చోటు ధర పెంచింది. ఇందులో ధైర్యం లేనిది ఎక్కడ కనబడిందో మాకు అర్థం కాలేదు.

ప్రశ్న: ఆట ఉంటే చదువు పోతుంది, చదువు ఉంటే ఆట పోతుంది. రెండూ ఎలా కుదురుతాయో చెప్పండి. నీట్ కోచింగ్‌లో ఉన్న కూతురికి ఆట మాన్పించాం. (ఒక తండ్రి, నెల్లూరు)

టెనసీలో సమిట్ పెట్టిన రూల్ ఇదీ: క్లాసులో మొదటి మూడు వరసల్లోనే కూర్చోవాలి, క్లాసు ఎగ్గొడితే మ్యాచ్‌లో ఆడించకుండా బెంచీ మీద కూర్చోబెట్టేది, స్టార్ ప్లేయరైనా సరే. షమీక్ హోల్డ్స్‌క్లా, తమికా క్యాచింగ్స్ లాంటి వాళ్ళున్న జట్టు 1997-98లో 39 మ్యాచ్‌లు ఆడి 39 గెలిచింది, వాళ్ళూ మొదటి వరసల్లో కూర్చున్నవాళ్ళే. తమికాకి పుట్టుకతోనే వినికిడి లోపం. చిన్నప్పుడు పిల్లలు ఏడిపించారని వినికిడి యంత్రం తీసి పారేసింది. మళ్ళీ పెట్టుకొమ్మని కాలేజీలో ప్రోత్సహించింది సమిటే. ఆ అమ్మాయి తర్వాత నాలుగు ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచింది.

మీ ప్రశ్నకి నేరుగా చెప్పాలంటే, నీట్ ఏడాదిలో రోజుకి మూడు గంటలు టీమ్ ప్రాక్టీస్ కుదరదు, కుదురుతుందని అబద్ధం చెప్పం. టీమ్ ఆపడం వేరు, ఒంట్లో ఆటని ఆపడం వేరు కదా సార్. సాయంత్రం నలభై నిమిషాలు బంతి ఇచ్చి వదలండి. అలసిపోయి పడుకున్న పిల్ల పొద్దున్నే తాజాగా లేస్తుంది, ఈ ముక్క ఏ పీఈటీ అయినా చెబుతారు. హాస్టల్ కాలేజీ అయితే గ్రౌండ్ ఉందా అని చేర్పించేముందు అడగాల్సింది, ఇప్పుడు కనీసం టెర్రస్ మీద స్కిప్పింగ్‌కైనా పర్మిషన్ అడగండి.

ప్రశ్న: ఆవిడ రికార్డు వేరేవాళ్ళు దాటేశారని చదివాను. ఇంకా ఆవిడే గొప్ప అని ఎలా అంటాం? పైగా ప్రత్యర్థితో ఆడనని తప్పుకుందట కదా. (హైదరాబాద్)

దాటేశారు, నిజమే. 2020 డిసెంబర్‌లో స్టాన్‌ఫర్డ్ కోచ్ టారా వాన్‌డెర్వీర్, ఆ తర్వాత కనెటికట్ కోచ్ జీనో ఆరియెమ్మా. టైటిళ్ళలో కూడా ఆరియెమ్మా ఎప్పుడో ముందుకెళ్ళాడు, సమిట్‌వి ఎనిమిది. గెలుపుల లెక్కే కొలత అయితే ఆవిడ ఇప్పుడు మొదటి స్థానంలో లేదు, అందులో దాచేదేముంది.

రెండో మాట కూడా నిజమే. 1995 నుంచి 2007 దాకా టెనసీ, కనెటికట్ మ్యాచ్ అంటే దేశమంతా టీవీల ముందు కూర్చునేది, ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌కి కొత్త ప్రేక్షకుల్ని తెచ్చింది ఆ పోటీయే. అలాంటిది 2007 తర్వాత సమిట్ ఆపేసింది. ఇద్దరి మధ్య మాటలు చెడ్డాయి, క్రీడాకారిణుల్ని చేర్చుకునే పద్ధతుల దగ్గర గొడవ. ఆపి ఉండాల్సింది కాదు అని మా అభిప్రాయం, చూసేవాళ్ళకి నష్టం చేసింది. ఆవిడకి జబ్బు చేసిందని తెలిసి ఆవిడ పేరున ఫౌండేషన్ పెట్టినప్పుడు, ఆరియెమ్మా పదివేల డాలర్లు ఇచ్చాడు.

ఆ పంతం ఎలాంటిదో ఇంకో చిన్న కథ చెప్పి వదిలేస్తాం. 1990లో నిండు గర్భిణిగా పెన్సిల్వేనియాలో మిషెల్ మార్సినియాక్ అనే అమ్మాయిని టీమ్‌లోకి రమ్మని అడగడానికి వెళ్ళింది, అక్కడే నొప్పులు మొదలయ్యాయి. తిరుగు విమానంలో పైలట్ వర్జీనియాలో దింపుతానంటే వద్దంది, ఆ ఏడాదే తన టీమ్‌ని ఓడించిన రాష్ట్రం అది! కొడుకు టైలర్ టెనసీలోనే పుట్టాడు. ఆ మిషెల్ ముందు వేరే కాలేజీకి వెళ్ళి, తర్వాత మనసు మార్చుకుని వచ్చి, 1996లో టైటిల్ గెలిపించింది. (ఇంట్లో గర్భిణులెవరూ దీన్ని ఆదర్శంగా తీసుకోవద్దని మనవి.)

ప్రశ్న: మా నాన్నగారికి అరవై ఒకటి, హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. దారి మర్చిపోతున్నారు. ఆ కోచ్‌కి కూడా ఇదే జబ్బని మీరు రాశారు. ఆవిడ ఎలా తట్టుకున్నారు? బయట చెప్పడానికి అమ్మ ఒప్పుకోవడం లేదు. (ఒక కూతురు, రాజమహేంద్రవరం)

2011లో ఆవిడకి 59 ఏళ్ళు. మ్యాచ్ మధ్యలో పిల్లలకి ఏ ఎత్తు వెయ్యమని చెప్పాలో తోచకపోవడం, మీటింగులు మర్చిపోవడం మొదలైంది. పరీక్షలు చేయిస్తే చిన్న వయసులో వచ్చే రకం అల్జీమర్స్ అని తేలింది. ఆగస్టులో తనే బయటికి చెప్పేసింది. నా మీద ఎవరూ జాలిపడుతూ కూర్చోవడానికి వీల్లేదు అని కూడా చెప్పింది. ఆ సీజన్ మొత్తం కోచ్‌గానే ఉంది, కాకపోతే పని చాలావరకు తన పాత శిష్యురాలు, ఎన్నో ఏళ్ళుగా అసిస్టెంట్‌గా ఉన్న హాలీ వార్లిక్ చూసుకుంది. 2012 ఏప్రిల్‌లో తప్పుకుని హాలీకి అప్పగించింది. అదే ఏడాది ఒబామా చేతుల మీదుగా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకుంది. 2016 జూన్ 28న పోయింది, 64 ఏళ్ళకి.

బయటికి చెప్పడం వల్ల ఆవిడకి ఒరిగిందేమిటంటే, చుట్టూ ఉన్నవాళ్ళు పనులు పంచుకోగలిగారు. దాచి ఉంటే ప్రతి పొరపాటూ ఒక పుకారయ్యేది. మీ అమ్మగారి భయం మాకు అర్థమవుతోంది, మన ఊళ్ళలో 'మతి పోయిందట' అనే మాట ఎంత తేలిగ్గా అంటారో తెలిసిందే. ఊరందరికీ చెప్పక్కర్లేదు. పక్కింటివాళ్ళకీ, కిరాణా కొట్టతనికీ, సాయంత్రం ఆయన నడిచే దారిలో టీ కొట్టువాళ్ళకీ చెప్పండి, ఫోన్ నంబరు ఇవ్వండి. జేబులో పేరు, నంబరు ఉన్న కార్డు పెట్టండి. ముందు మాత్రం న్యూరాలజిస్టుకి చూపించండి, ఎందుకంటే థైరాయిడ్, బి12 తక్కువ కావడం, డిప్రెషన్ లాంటివాటి వల్ల కూడా మతిమరుపు వస్తుంది, వాటికి మందులున్నాయి. ఆయన పాత విద్యార్థుల్ని ఇంటికి రానివ్వండి. హెడ్మాస్టరు గారు కదా, మాట్లాడటానికి వాళ్ళకి చాలా ఉంటుంది.

ప్రశ్న: నేను ఐదడుగుల రెండంగుళాలు. ప్లేయర్‌గా పైకి రాలేనని తెలుసు. కోచ్ అవ్వొచ్చా? దానికి ఏం చదవాలి? (ఇంటర్ విద్యార్థిని, కర్నూలు)

అవ్వొచ్చు. ఆడటం మాత్రం ఆపకు, ఎందుకంటే సర్టిఫికెట్లు కావాలి. డిగ్రీ అయ్యాక రెండు దారులు. స్కూల్లో, కాలేజీలో ఉద్యోగం కావాలంటే పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీపీఈడీ, అంటే వ్యాయామ విద్యలో డిగ్రీ. పూర్తిస్థాయి కోచ్ కావాలంటే పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్)లో కోచింగ్ డిప్లొమా, బాస్కెట్‌బాల్ అందులో ఒక సబ్జెక్టు. దానికి నువ్వు ఏ స్థాయిలో ఆడావన్నది చూస్తారు, కాబట్టి యూనివర్సిటీ టీమ్‌లోకైనా గట్టిగా ప్రయత్నించు. ఈలోపు మీ కాలేజీ టీమ్ మ్యాచ్ ఆడేటప్పుడు బెంచీ మీద ఉత్తినే కూర్చోకు, ప్రతి అమ్మాయి ఎక్కడ బంతి పోగొడుతోందో రాస్తూ ఉండు, అడగకపోయినా చివర్లో కోచ్‌కి ఆ కాగితం ఇవ్వు. రెండు మ్యాచ్‌ల తర్వాత ఆయనే అడుగుతారు.